గోడ మీది ఊరు

ఇద్దరు తెలుగువాళ్లు రైలు పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మొదట వచ్చే ప్రశ్న “మీదే ఊరు?” అనే. ఇల్లెక్కడ అని అడిగితే అది చిరునామా కోసం. ఊరేది అని అడిగితే మనిషి ఆనవాలు కోసం. మాట ముదిరితే ఇంటిపేరు అడుగుతారు. దాని వెనక కులం ఆరా కూడా ఉందని ఇద్దరికీ తెలుసు. అదే పరిచయం పరదేశంలో అయితే ఇవన్నీ కాసేపు పక్కకు జరిగి ‘మనవాళ్లు’ అన్న మాట ముందుకొస్తుంది.

చిత్రకళలో “నాది అనుకునే చోటు ఏది” అన్న ప్రశ్న మీద సాగుతున్న చర్చ చిక్కుపడడానికి సగం కారణం ఇక్కడే ఉంది. ఇల్లు, ఊరు, కులం, దేశం అని మనం నాలుగుగా చెప్పుకునేవాటిని చర్చలో ఒకే మూట కట్టేస్తున్నాం. ఒకరు ఊరి గురించి వాదిస్తుంటే ఇంకొకరు దేశం గురించి జవాబిస్తారు. వలస పోయిన చిత్రకారుడి బెంగతో మొదలైన వ్యాసం పల్లె అందాల దగ్గర తేలుతుంది. ఆ మూట విప్పి, ఏ బొమ్మ ఏ మాటకు జవాబు చెబుతోందో చూడడమే ఈ సమీక్ష పని. తెలుగు నేలా, దానితో ముడిపడిన భారతీయ చిత్రకళా దీని పరిధి. లోకమంతా చుట్టే ఉద్దేశం లేదు.

గోడ, గుడ్డ, కాగితం

1934 జనవరి 15న ఉత్తర బిహార్‌ను భూకంపం కుదిపేసింది. మధుబని ప్రాంతంలో నష్టం చూడడానికి వెళ్లిన బ్రిటిష్ అధికారి డబ్ల్యు.జి. ఆర్చర్‌కు కూలిన ఇళ్ల లోపలి గోడల మీద బొమ్మలు కనబడ్డాయి. కొత్త దంపతులకిచ్చే గదిని అక్కడ కోహ్‌బర్ అంటారు. దాని గోడ మీద తామరలు, వెదురు, చేపలు, చిలకలు ఆడవాళ్లే గీస్తారు. బయటి మగవాడి కంట పడడానికి గీసినవి కావవి. ఇల్లు పగిలింది కాబట్టి పడ్డాయి. 1949లో ఆర్చర్ ‘మార్గ్’ పత్రికలో వీటి గురించి రాశాడు. 1960ల్లో బిహార్‌ను కరువు పట్టినప్పుడు పుపుల్ జయకర్ చొరవతో హస్తకళల బోర్డు చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని అక్కడికి పంపింది. గోడ మీది బొమ్మను కాగితం మీద వేస్తే నాలుగు డబ్బులొస్తాయని ఆడవాళ్లకు చెప్పింది. అలా మిథిల బొమ్మ గడప దాటింది. ఇంటి బొమ్మ గురించి మన చర్చ ఎప్పుడూ బొమ్మ ఇల్లు విడిచాకే మొదలవడం గమనించాల్సిన సంగతి.

ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో సవరలు గీసే గోడబొమ్మ ఇంతకన్నా లోతైన చిక్కు ముందు పెడుతుంది. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. చుట్టూ ఒక చట్రం, లోపల మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యచంద్రులు. 1951లో మధ్యభారత గిరిజన కళ మీద పుస్తకం ప్రచురించిన వెరియర్ ఎల్విన్ మొదలు తర్వాతి పరిశీలకుల దాకా చెప్పిందేమంటే, ఆ చట్రం ఒక ఇల్లు. చనిపోయినవాళ్లో, దేవతలో వచ్చి ఉండడానికి గోడ మీద కట్టిపెట్టిన ఇల్లు. ఇంటిని చూపించడం కాదు ఆ బొమ్మ పని, తానే ఇల్లు కావడం. ఆధునిక విమర్శ దగ్గర ఈ ఆలోచనకు సరైన అర లేదు. అందుకే దాన్ని ‘జానపదం’ అనే అటక మీదకు ఎక్కించేసింది.

మూడోది మనకు బాగా దగ్గరిది, చేర్యాల పటం. చింతగింజల అంబలి, తెల్లసుద్ద పట్టించి గట్టిపరిచిన గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, వరసలు వరసలుగా కథ నడుస్తుంది. నకాషీలు గీసిస్తారు, కథకులు ఊరూరా తిరిగి విప్పి పాడతారు. ఏమి పాడతారన్నది ముఖ్యం. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం, గౌడజెట్టీలు గౌడులకు గౌడ పురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు వాళ్ల కథ. ఒక్కో కులం ఎక్కడ పుట్టింది, ఎవరి బిడ్డ, ఎందుకీ పని చేస్తోంది అన్నది పటంలో ఉంటుంది. “నేనెవరి వాణ్ని” అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద రంగుల్లో చెప్పిన పాత జవాబుల్లో బలమైనది ఇదే. ఆ జవాబు ఇల్లూ కాదు, ఊరూ కాదు, కులం. ఆధునిక చిత్రకారులు పటం నుంచి ఎర్రరంగు తీసుకున్నారు, గీత తీసుకున్నారు, చేప కళ్లు తీసుకున్నారు. ఆ జవాబును మాత్రం మర్యాదగా పటంలోనే వదిలేశారు.

దేశమే ఇల్లనుకున్న కాలం

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ప్రశ్న దేశం వైపు తిరిగింది. 1905లో అవనీంద్రనాథ్ టాగూర్ గీసిన భారతమాత దీనికి అందరికీ తెలిసిన గుర్తు. దేశాన్ని తల్లిని చేస్తే జనమంతా ఒకే ఇంటి పిల్లలవుతారు. ఆ గాలి మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్‌కుమార్ ఛటర్జీ ద్వారా చేరింది. అడివి బాపిరాజు ఆయన దగ్గరే కుంచె పట్టాడు.

రాజమండ్రిది వేరే దారి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకున్న దామెర్ల రామారావు తిరిగొచ్చి గోదావరి ఒడ్డున చిత్రకళా పాఠశాల పెట్టాడు. ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. ఆయన బొమ్మల్లో అజంతా గీత ఉంది, బొంబాయి శిక్షణ ఉంది, తెలుగు మనుషుల ఒడ్డూపొడుగూ ఉంది. వీటిలో ‘ఆంధ్రత్వం’ ఎంత అన్నది అప్పటినుంచీ నలుగుతున్న వాదం. బెంగాల్ బాణీకి తెలుగు శాఖ అంటారు కొందరు, స్వతంత్ర శైలికి మొలక అంటారు ఇంకొందరు. మొలక దశలోనే ఆగిపోయిన చెట్టు ఏ జాతిదో తేల్చడం కష్టం. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడా చిత్రకారులే. వాళ్ల గురించి ఇందులో పదోవంతు చర్చ కూడా జరగలేదు.

ఊరి బడి, దానికి ఎదురుమాట

తెలుగు చిత్రకళలో ‘నాది’ అన్న మాటకు ఎక్కువ బొమ్మలు పుట్టింది ఊరి నుంచే. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) నకాషీ గీతను ఆధునిక చిత్రంలోకి తెచ్చాడు. బోనాలు, బతుకమ్మ, పల్లె పనులు ఆయన విషయాలు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ శిష్యరికం చేశారు. చదువుకున్నవాడికి తన ఊరు కళావస్తువుగా కనబడాలంటే బరోడా దాకా వెళ్లిరావాల్సి వచ్చింది. ఇందులో ఎగతాళి ఏమీ లేదు. దూరం నుంచి చూసినప్పుడే ఊరికి ఒక రూపం వస్తుంది.

ఇద్దరూ చూసిన ఊరు మాత్రం ఒకటి కాదు. లక్ష్మాగౌడ్ 1960ల చివర, 70ల్లో చేసిన ఎచింగుల్లో మనిషి, మేక, చెట్టు ఒకే కోరికతో పెనవేసుకుంటాయి. నగరం పైకి మాట్లాడడానికి సిగ్గుపడేది అక్కడ పొలం గట్టున పట్టపగలు కనిపిస్తుంది. వైకుంఠం ఊరు ముఖ్యంగా ఆడమనిషి. రూపాయి బిళ్లంత బొట్టు, పసుపు రాసిన ముఖం, ఎర్రచీర, నల్లని ఒళ్లు, భుజం మీద చిలక. చామనఛాయను దాచకుండా, తెల్లబరచకుండా గోడకెక్కించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. పత్రికల ముఖచిత్రాలు పచ్చని పసిమి అమ్మాయిలతో నిండిన రాష్ట్రంలో అదొక తిరుగుబాటే.

ఇక ఎదురుమాట. ఊరు అందరికీ ఇల్లు కాదన్నది దాని సారం. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా నిలబెట్టడాన్ని తీవ్రంగా ఖండించారు. తెలుగులో ‘ఊరూ వాడా’ అని జంటగా అంటామంటేనే వాడ ఊరు కాదని అర్థం. దళిత సాహిత్యం 1980ల తర్వాత ఈ గీతను స్పష్టంగా గీసి చూపించింది. ఆ చూపుతో ఊరి బొమ్మలను చూస్తే కొన్ని ప్రశ్నలు తప్పవు. ఈ ఆడమనిషి ఏ వీధిలో నీళ్లు తోడుకుంటుంది? ఆమె ఇంటి వెనక గోడ ఎవరిది? చాలా బొమ్మల్లో నేపథ్యం చదునైన రంగు ఒక్కటే. ఇల్లు లేదు, వీధి లేదు, పొరుగు లేదు. ఊరి గుర్తులన్నీ ఒంటి మీదకు చేరాయి, ఊరి అమరిక మాయమైంది.

వైకుంఠం పనిలోనే దీనికి జవాబు ఒకటుంది, విమర్శకులు రెండింటినీ పక్కపక్కన పెట్టడం తక్కువ. బి. నర్సింగరావు ‘దాసి’ (1988) సినిమాకు కళాదర్శకుడు ఆయనే, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులో ఊరంటే దొర గడీ. ఆడబాపగా, అంటే దొరసాని వెంట దాసిగా, వచ్చిన మనిషికి ఆ ఇంటి ప్రతి గుమ్మం, ప్రతి మెట్టు, ప్రతి నీడ ఒక హద్దు. కాన్వాసు మీద తీసేసిన గోడలన్నీ తెర మీద నిలబడి ఉన్నాయి. కనుక ఊరి లోపలి కట్టడి ఆ చిత్రకారుడికి తెలియక కాదు. కాన్వాసు ఒకటి అడిగింది, సినిమా ఇంకొకటి అడిగింది. కాన్వాసు ఎవరి కోసం, ఎవరి గోడ కోసం అన్నది అడగాల్సిన ప్రశ్న. ఊరు విడిచొచ్చిన కుటుంబం అపార్టుమెంటు హాల్లో సోఫా పైన ఆ ముఖాన్ని వేలాడదీసుకుంటే, అది కళాభిరుచి ఎంతో, “మేమూ అక్కణ్నుంచే వచ్చాం” అన్న రుజువు కూడా అంతే.

ఈ బడికి కొనసాగింపుగా నల్లగొండ ప్రాంతం నుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్ ఊరి మనుషులను రకాలుగా కాక వ్యక్తులుగా, పోలికలతో సహా గీయడం ఒక మలుపు. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నం రూపొందించిన చేయి కూడా అదే. ఊరి బొమ్మ రాష్ట్రపు ముద్ర దాకా ప్రయాణించిందనుకోవచ్చు.

ఒక పక్కమాట. పాకాల తిరుమల్ రెడ్డి (పి.టి. రెడ్డి) 1970ల్లో తాంత్రిక చిహ్నాల వైపు, ఊరూ పేరూ లేని ఆకారాల వైపు వెళుతుంటే, ఆయన భార్య యశోదారెడ్డి అచ్చ తెలంగాణ మాటలో ‘మా ఊరి ముచ్చట్లు’ రాస్తున్నారు. ఒకే కప్పు కింద ఒకరు ఊరిని దాటుతున్నారు, ఒకరు చెవిలో పెట్టుకుని దాస్తున్నారు. మన కళాచరిత్ర ఈ రెండు పనులనూ కలిపి చదవలేదు.

దూరాన ఉండి గీసినవాళ్లు

రెండో పెద్ద బడి వలసది. ఎస్.హెచ్. రజా మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో 1922లో పుట్టి 1950లో పారిస్ చేరాడు. అక్కడ చాలాకాలం చర్చిలు, ఇళ్లు, కొండలు గీశాక, తన నేల వైపు తిరిగేసరికి అది ఇల్లుగా రాలేదు, బిందువుగా వచ్చింది. చిన్నప్పుడు పంతులుగారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారన్న కథ ఆ బిందువు వెనక ఉంది. అరవై ఏళ్ల తర్వాత ఢిల్లీకి తిరిగొచ్చి, 2016లో చనిపోయి, మండ్లాలో తండ్రి పక్కన సమాధి అయ్యాడు. మెచ్చుకునేవాళ్లకు ఇది మూలానికి చేరిన ప్రయాణం. ఒప్పుకోనివాళ్లు అడిగేది ఒకటే: ఎవరికైనా సరిపోయే బిందువు మండ్లాది ఎలా అవుతుంది? గుడివాడలో పుట్టి లండన్ స్లేడ్ స్కూలులో చదివి అమెరికాలో స్థిరపడిన ఎస్.వి. రామారావు నైరూప్య చిత్రాలనూ ఇదే ప్రశ్న వెంటాడుతుంది. ఆ రంగుల్లో కృష్ణా డెల్టా పచ్చదనం వెతికి పట్టుకునే తెలుగు అభిమానులున్నారు. చిత్రకారుడి ఊరు ముందే తెలియకపోతే వాళ్లకు అది కనిపించేదా అన్నది నా అనుమానం.

ఎం.ఎఫ్. హుసేన్ వ్యవహారం వేరు. ఆయన వెళ్లిపోలేదు, ఉండలేని పరిస్థితి వచ్చింది. 2006లో దేశం విడిచి, 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకుని, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. హైదరాబాద్‌తో ఆయనది పాత బంధం. బద్రీవిశాల్ పిత్తీ ఆదరణలో రామాయణ చిత్రాలు గీసిందీ, బంజారాహిల్స్‌లో సినిమా ఘర్ కట్టిందీ ఇక్కడే. చివరి ఏళ్లలో పరాయి గడ్డ మీద కూర్చుని గీసిన వాటిలో భారత నాగరికత మీది చిత్రమాల ఉంది. ‘నాది’ అనడానికి ఒకరు సరిపోతారా, అవతలివాళ్లు ‘నీదే’ అని ఒప్పుకోవాలా అన్న ప్రశ్నను ఇంత పచ్చిగా లేవనెత్తిన జీవితం మన చిత్రకళలో ఇంకొకటి లేదు.

ఈ బడిలో ఇంటిని ఇల్లుగానే పట్టుకున్నది జరీనా హష్మీ. 1937లో అలీగఢ్‌లో పుట్టింది. కుటుంబం తర్వాత కరాచీ తరలింది, ఆమె దేశాలు తిరిగి న్యూయార్క్‌లో ఆగింది. 1999లో చేసిన ‘హోం ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’లో 36 కొయ్యచెక్క ముద్రలు. నిజానికివి వర్ణచిత్రాలు కావు, అయినా వీటిని వదిలేసి ఈ చర్చ చేయలేం. ఒక్కో ముద్ర కింద ఒక ఉర్దూ మాట: ఘర్, దర్వాజా, దీవార్... పైన నాలుగైదు నల్లగీతలు, అంతే. దర్వాజా తెలంగాణలో తెలుగు మాటే కాబట్టి మనకు అనువాదం అక్కర్లేదు. మనుషులు లేరు, సామాను లేదు, రంగు లేదు. జ్ఞాపకంలో మిగిలిన నేలపటం మాత్రం ఉంది. బెంగను ఇంత పొదుపుగా చెప్పినవాళ్లు అరుదు.

వెళ్లి తిరిగొచ్చినవాళ్ల సంగతి గులాం మొహమ్మద్ షేక్ చెబుతాడు. లండన్ చదువు తర్వాత 1969–73 మధ్య గీసిన చిత్రానికి చాలాకాలం తర్వాత ఇంటికి తిరిగి రావడం అన్న అర్థంలోనే పేరు పెట్టాడు. పైన పర్షియన్ సూక్ష్మచిత్రాల్లోంచి దిగొచ్చిన దేవదూతలు, మధ్యలో మసీదు, కిక్కిరిసిన ఇళ్లు, కింద తల్లి ముఖం. సౌరాష్ట్రలోని ఒక ముస్లిం ఇంటి పిల్లవాడికి ఇల్లంటే ఈ పొరలన్నీనని ఆ అమరికే చెబుతుంది.

లోపలి గది

1981లో షేక్, భూపేన్ ఖఖర్, సుధీర్ పట్వర్ధన్, నళినీ మలానీ, జోగెన్ చౌధురీ, వివాన్ సుందరం కలిసి ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన పెట్టారు. కళావిమర్శకురాలు గీతా కపూర్ దానికి వ్యాసం రాసింది. నైరూప్యానికి ఎదురు నిలిచి, మనుషులూ వాళ్ల చోట్లూ మళ్లీ బొమ్మలోకి రావాలన్నది వాళ్ల పట్టు. అదే ఏడు ఖఖర్ గీసిన ‘యు కాంట్ ప్లీజ్ ఆల్’లో ఒక మనిషి బట్టల్లేకుండా మేడమీద నిలబడి, కింద తండ్రీకొడుకుల గాడిద కథ నడుస్తుంటే చూస్తుంటాడు. తన కోరికను దాచుకుని బతికిన స్వలింగ ప్రేమికుడు బయటపడిన బొమ్మ అది. ఇంట్లోనే ఉన్నాడు, ఊరంతా కళ్ల ముందే ఉంది, అయినా రెంటికీ మధ్య పిట్టగోడ మీద నిలబడ్డాడు.

నీలిమా షేక్ ‘వెన్ చంపా గ్రూ అప్’ (1984) పన్నెండు చిన్న బొమ్మల వరస. ఉయ్యాల ఊగి, సైకిలు తొక్కిన పిల్లకు పెళ్లవుతుంది, అత్తింట్లో వేధింపులు మొదలవుతాయి, వంటింట్లో కాలిపోతుంది. సూక్ష్మచిత్రాల సున్నితమైన గీతతోనే చివరి బొమ్మ దాకా తీసుకెళ్లడం వల్ల చూసేవాడికి తప్పించుకునే దారి ఉండదు. ‘మీదే ఊరు’ అని అడిగితే పెళ్లైన ఆడమనిషి పుట్టింటిది చెప్పాలా అత్తింటిది చెప్పాలా అని తడుముకునే మన సమాజంలో ఇదే అసలు ప్రశ్న కావాల్సింది.

మన దగ్గర మాత్రం లోపలి గది బొమ్మ సన్నగానే ఉంది. తెలుగువాళ్లు ఇంటి లోపలిని ఎక్కువగా చూసింది పత్రికల్లో: వడ్డాది పాపయ్య ముఖచిత్రాల్లో, బాపు గీతల్లో. రోకలి, జడగంటలు, తులసికోట, వసారా. ఆ బొమ్మలు లేకుండా మూడు తరాల తెలుగు మధ్యతరగతి తన ఇంటిని ఊహించుకోలేదు. కాని అది ముస్తాబు చేసి, అతిథుల కోసం సిద్ధం చేసిన ఇల్లు. పెరటి గుమ్మం వైపు బొమ్మ తిరగలేదు. ఆ పని మన దగ్గర కథా నవలా చేశాయి.

పక్కపక్కన పెడితే

ఊరి బడికి గుర్తింపు బలం. చూడగానే తెలుస్తుంది, చూసినవాణ్ని తనలో కలుపుకుంటుంది. ఎవరిని కలుపుకోలేదో చెప్పకపోవడం దాని లోపం. వలస బడి పోగొట్టుకున్నదాన్ని సూక్ష్మంగా పడుతుంది గాని, విమానం ఎక్కినవాళ్ల బెంగకే ఎక్కువ చోటిచ్చింది. ముంబై బస్సెక్కిన పాలమూరు కూలీకి ఇవ్వలేదు. లోపలి గది బడికి ధైర్యం ఎక్కువ, జనంలోకి వెళ్లింది తక్కువ. గోడబొమ్మనూ పటాన్నీ ఈ మూడింటికి ముడిసరుకుగా కాకుండా నాలుగో వాదంగా తీసుకుంటే చర్చ మారుతుంది. సొంతమన్నది గుండెల్లో పొంగే భావం కాదు, ఒక కర్మకాండ, ఒక హక్కు, ఒక వరస అని అవి చెబుతున్నాయి.

తేలకుండా ఉన్నవి

మొదటిది మునిగిన ఊళ్లది. శ్రీశైలం జలాశయం కింద వందకు పైగా గ్రామాలు పోయాయి. కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. దేవుడికి దక్కిన ఆ పునరావాసం జనానికి దక్కలేదు. పోలవరం దగ్గర అదే కథ మళ్లీ నడుస్తోంది. పాటలో, కథలో ఈ మునక దొరికినంతగా రంగుల్లో దొరకదు. ఊరిని ఇంతగా ప్రేమించిన చిత్రకళ ఊరు పోవడాన్ని ఎందుకు గీయలేకపోయింది? పోయిన ఊరికి కొనుగోలుదారు లేడన్నది ఒక జవాబు. ఊరిని మనిషి ఒంటి మీద గుర్తులుగా కుదించాక, నేల పోయినా బొమ్మకు తేడా తెలియదన్నది ఇంకొకటి. నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

రెండోది, ఎవరి ఊరిని ఎవరు గీయాలి అన్నది. వాడలో పుట్టినవాళ్లే వాడను గీయాలన్న వాదమూ, కళకు ఆ హద్దు లేదన్న వాదమూ ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి. డక్కలివారి పటాన్ని గుర్తుచేసుకుంటే మూడో దారి ఒకటుంది. గీసినవాడు నకాషీ, పాడేవాడు డక్కలి, కథ మాదిగలది. గీసే హక్కూ చెప్పే హక్కూ వినే హక్కూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి.

మూడోది బొమ్మ సొంత ఇంటి సంగతి. పటం చిరిగిపోతే పూజ చేసి ఏట్లో వదలడం ఆనవాయితీ. కొత్తది గీయించుకుని కథకుడు మళ్లీ తన వంతు ఊళ్లకు వెళ్లేవాడు. ఏట్లో కలవాల్సిన పాత పటాలు కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. ముప్ఫై అడుగుల గుడ్డలో రెండు మూడడుగులే కనబడేలా తెరిచి, మిగతాది చుట్టిపెట్టి ఉంచుతారు. చేర్యాలలో ఈనాటి నకాషీలు గీసేవి ఎక్కువగా చట్రంలో పట్టే చిన్న బొమ్మలు, కొయ్య ముఖాలు, తాళంచెవుల గుత్తులు. వాటి మీద కథ ఉండదు, ఒక్క ఘట్టం ఉంటుంది. పూర్తి పటం గీయమని అడిగే కథకులు ఇంకా ఉన్నారు గాని, వాళ్లను పిలిచి రాత్రంతా కూర్చుని వినే ఊళ్లే తగ్గిపోయాయి.